తెగ చిత్రానికి హక్కుదారు ఎవరు: గీసిన చెయ్యా, తెగా?

కరక్కాయ:
ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ ల్యాండ్ ఆదివాసీ చిత్రకారుడు జానీ బులున్ బులున్ తమ పవిత్రమైన నీటిమడుగును, కలువలను, బాతులను చిత్రించారు. ఒక వస్త్ర వ్యాపార సంస్థ ఆ బొమ్మను అచ్చువేసిన గుడ్డను అనుమతి లేకుండా దిగుమతి చేసి అమ్మింది. నిలదీస్తే ఆయన హక్కును ఒప్పుకుంది. అయితే ఆయన గానల్‌బింగు తెగ తనకూ హక్కుందని వాదించింది. 1998లో ఫెడరల్ కోర్టు, చిత్రకారుడు తెగ నమ్మకాన్ని కాపాడి తీరాలి గానీ కాపీరైట్‌లో తెగకు వాటా లేదని తేల్చింది. ఇదేం న్యాయం?

తీర్పరి:
సరైన న్యాయమే. తెగకు హక్కు ఇస్తే సంతకం పెట్టేది ఎవరు? పెద్దలలోనే పొత్తు కుదరకపోతే కుర్ర చిత్రకారుడు ఎవరి గడప తొక్కాలి? ఉన్న చట్టం పనికిరానిదేమీ కాదు. ఆదివాసీల చిత్రాలతో వియత్నాంలో తివాచీలు నేయించిన కేసులో 1994లో 1,88,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం వచ్చింది.

కరక్కాయ:
ఆ కేసే నా వాదనకు బలం, తీర్పరి గారూ. బొమ్మ దొంగిలించింది ఎవరైనా, తెగ ఆచారం ప్రకారం జవాబు చెప్పాల్సింది గీసిన మనిషే. ఆ కేసు వేసిన చిత్రకారిణి బందుక్ మారికా వంటివారికి ఆ భయం నిజమైనది. కోర్టు కూడా ఆ సాంస్కృతిక హానిని లెక్కలోకి తీసుకుంది. పైగా చిత్రకారుడు పోయిన 70 ఏళ్లకు కాపీరైట్ చెల్లిపోతుంది. మడుగు పవిత్రత కూడా అప్పుడే చెల్లిపోతుందా?

గువ్వలచెన్న:
ఒక్కరి చేతిలో హక్కు పెడితే ఏమవుతుందో ఆస్ట్రేలియా ఆదివాసీ జెండా చెబుతుంది. హెరాల్డ్ థామస్ 1971లో రూపొందించారు, 1997లో కోర్టు ఆయనదేనంది. తరువాత దుస్తుల మీద వాడే హక్కు ఒకే సంస్థకు దక్కింది. తమ జెండాను చొక్కాల మీద వేసి అమ్మిన ఆదివాసీ వ్యాపారులకే నోటీసులు వెళ్లాయి! చివరికి 2022లో ప్రభుత్వం రెండు కోట్ల డాలర్లకు పైగా చెల్లించి కాపీరైట్ కొన్నది.

తీర్పరి:
చొక్కాల బాధ తీరింది కదా. సృష్టించిన వ్యక్తికి డబ్బూ అందింది.

కరక్కాయ:
జెండా అందరూ ఎగరేయాల్సినది, కాబట్టి తీరింది. మడుగు బొమ్మ అలా అందరికీ పంచేది కాదు. మన శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, పదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అది కాపాడేది పేరునే. యంత్రం మీద అవే నెమళ్లు అచ్చువేసి వేరే పేరుతో అమ్మితే ఆపలేదు. గడువులేని సామూహిక హక్కు బొమ్మకే కావాలి. సంతకం ఎవరిదన్నది ఆ తెగ తేల్చుకుంటుంది.

తీర్పరి:
తేల్చుకోకపోతే?