విండో మేనేజర్ మెనూ చేత్తో రాసుకోవాలా, దానంతట అదే తయారయ్యేలా వదిలేయాలా?

కుడిక్లిక్:
మెనూని స్క్రిప్టుకి వదిలేయకూడదని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఓపెన్‌బాక్స్‌నే తీసుకుందాం. అది లినక్స్‌లో విండోల్ని తెరపై అమర్చే ప్రోగ్రాము, అంటే విండో మేనేజర్; ఖాళీ తెర మీద కుడిక్లిక్ చేస్తే మెనూ వస్తుంది. మెనూ మొత్తం ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటుంది. ఒక్కో ప్రోగ్రాముకి ఒక లేబులు, దాని కింద నడపాల్సిన కమాండు, అంతే. మార్చి సేవ్ చేశాక రీకాన్ఫిగర్ కొడితే చాలు, లాగవుట్ అవ్వక్కర్లేదు. ఇంకో విండో మేనేజర్ ఫ్లక్స్‌బాక్స్‌లో అయితే ఎక్స్‌ఎంఎల్ కూడా లేదు. చదరపు బ్రాకెట్లో ఎగ్జెక్, మామూలు బ్రాకెట్లో పేరు, ఫ్లవర్ బ్రాకెట్లో కమాండు. ఒక్క లైను.

జెనరేటర్, అంటే మెనూని తయారుచేసే స్క్రిప్టు, ఏం చేస్తుంది? సిస్టమ్‌లో ఉన్న ప్రతిదాన్నీ ఆఫీస్, గ్రాఫిక్స్, ఇంటర్నెట్ అంటూ క్యాటగిరీల్లో పోస్తుంది. లిబ్రెఆఫీస్ ఒక్కటి వేస్తే అరడజను ఎంట్రీలు. ఎన్నడూ తెరవని, నెట్‌వర్క్‌లోని సేవల్ని వెతికే అవాహి బ్రౌజర్లు కూడా వచ్చి కూర్చుంటాయి. అంతకంటే పెద్ద నష్టం, చోటు మారిపోవడం. కొత్త ప్రోగ్రాము ఒకటి వేయగానే అక్షరక్రమంలో దాని తర్వాతవన్నీ ఒక వరస కిందకి జరుగుతాయి. రోజూ చూడకుండానే చెయ్యి వెళ్లే చోట ఇవాళ ఇంకేదో ఉంటుంది. నా దృష్టిలో మెనూకి ఉండాల్సిన మొదటి గుణం కదలకుండా ఉండడమే.

నల్లతెర:
కదలకుండా ఉండడం సరే, నిజం చెప్పడం మాటేమిటి? చేత్తో రాసిన మెనూలో తీసేసిన ప్రోగ్రాములు అలాగే మిగిలిపోతాయి. నొక్కితే ఏదీ తెరుచుకోదు. కొత్తగా వేసినవేమో కనిపించవు. ప్రోగ్రాముల్ని విడి ప్యాకేజీలుగా వేసే ఫ్లాట్‌ప్యాక్ పద్ధతి వచ్చాక ఈ బాధ ఇంకా పెరిగింది. దాని కమాండు మామూలు పేరు కాదు, చుక్కలతో విడదీసిన పొడుగాటి ఐడీ. అవన్నీ ఎవరు టైప్ చేస్తారు?

అసలు ప్రోగ్రాములతో పాటు వచ్చే చిన్న డెస్క్‌టాప్ ఫైళ్లు పుట్టిందే ఇందుకు. పేరు, ఐకాను, కమాండు, క్యాటగిరీ అన్నీ ప్రోగ్రాము రాసినవాళ్లే ఇస్తున్నారు. అవాహి అక్కర్లేదనుకుంటే ఆ ఫైలుని హోమ్ ఫోల్డర్లోని లోకల్, షేర్, అప్లికేషన్స్‌లోకి అదే పేరుతో కాపీ చేసి, నోడిస్‌ప్లేకి ట్రూ అని పెట్టండి. సిస్టమ్ ఫైలు బదులు మీదే లెక్కలోకి వస్తుంది. ఇక ఈ ఫైళ్లు చదివే ఏ మెనూలోనూ, ఏ లాంచర్లోనూ కనిపించదు. మీ పద్ధతిలో చేసిన పని ఒక్క విండో మేనేజర్‌కే పనికొస్తుంది, ఇది అన్నిటికీ పనికొస్తుంది.

మీటలు:
ఇద్దరూ మౌస్ దగ్గరే ఆగిపోయారు. నాకు మెనూయే లేదు. ఎక్కువగా కీబోర్డుతో నడిపే ఐత్రీ విండో మేనేజర్‌లో మాడ్ (విండోస్ కీ లేదా ఆల్ట్), డి కలిపి నొక్కితే డీమెనూ, అంటే పేరు టైప్ చేసి ప్రోగ్రాము తెరిచే పట్టీ, వస్తుంది, రెండు అక్షరాలు కొట్టి ఎంటర్.

నల్లతెర:
డీమెనూ మామూలుగా చూపించేది పాత్‌లో, అంటే సిస్టమ్ కమాండ్లని వెతికే ఫోల్డర్లలో, ఉన్న ప్రతి ఎగ్జిక్యూటబుల్‌నీ. అందులో మనం తెరిచేవి ఎన్ని? పేరు గుర్తుంటేనే దారి. నిన్న వేసిన పీడీఎఫ్ రీడర్ పేరేమిటో తట్టకపోతే ఏం కొడతారు?

మీటలు:
అందుకు రోఫీ ఉంది, అదీ డీమెనూ లాంటి లాంచరే. డీరన్ మోడ్‌లో పెడితే మీరు చెప్పిన డెస్క్‌టాప్ ఫైళ్లే చదువుతుంది. పేరుతో పాటు కీవర్డుల్లోనూ వెతుకుతుంది, పీడీఎఫ్ అని కొట్టినా దొరుకుతుంది. ఎక్కువగా వాడేవి పైకి వస్తాయి. డెస్క్‌టాప్‌ని తెలుగులో పెట్టుకున్నవాళ్లకి ఇంకో సంగతి: పేరు తెలుగులో కనిపిస్తున్నా కమాండు పేరుని కూడా పోల్చి చూస్తుంది కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా పట్టుకుంటుంది.

కుడిక్లిక్:
మీటలు గారూ, ఎక్కువగా వాడేవి పైకి రావడమంటే మళ్లీ చోటు మారడమే కదా. పైగా కీబోర్డు వేగం మెనూలో లేదనుకుంటున్నారు. ఓపెన్‌బాక్స్ లేబుల్లో ఒక అక్షరం ముందు అండర్‌స్కోర్ పెడితే అది షార్ట్‌కట్ అవుతుంది. మెనూ తెరవడానికి ఒక కీ కేటాయించండి. ఆ కీ, తర్వాత ఇ కొడితే ఎడిటర్, టి కొడితే టెర్మినల్. ఏ అక్షరం దేనికన్నది నేను ఎంచుకున్నదే, ఏ అప్‌డేట్ వచ్చినా మారదు. చేత్తో రాసుకోవాలని నేను పట్టుబట్టేది ముఖ్యంగా ఇందుకే.

నల్లతెర గారు ఒక్క విండో మేనేజర్‌కే అన్నారు. ఓపెన్‌బాక్స్ చివరి విడుదల 3.6.1, అది 2015 నాటిది, నిజమే. కానీ లినక్స్‌లో విండోల్ని తెరపై చూపే కొత్త పద్ధతి వేలాండ్ వైపు, విండో మేనేజర్ పని చేసే లాబ్‌డబ్ల్యూసీ ఇదే మెనూ ఫైలు ఫార్మాట్‌ని చదువుతోంది. రాసిన పని వృథా కాలేదు.

సర్దుబాటు:
పైప్ మెనూ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఓపెన్‌బాక్స్‌లో ఒక సబ్‌మెనూని ఫైల్లో రాయకుండా, తెరిచినప్పుడల్లా ఒక కమాండు నడిపి దాని అవుట్‌పుట్‌తో నింపొచ్చు. పైన మీరు రాసుకున్న పది ఎంట్రీలు, కింద ‘అన్నీ’ అనే పైప్ మెనూ. ఆ ‘అన్నీ’లో చనిపోయిన ఎంట్రీల బెడద ఉండదు, పై వరసలు కదలవు.

ఒక్క జాగ్రత్త. ఆ స్క్రిప్టు నెమ్మదిగా నడిస్తే సబ్‌మెనూ తెరుచుకోవడమే ఆలస్యమవుతుంది. ప్రతిసారీ ఐకాన్లు వెతికించకండి. ఫలితాన్ని ఒక ఫైల్లో దాచి, డెస్క్‌టాప్ ఫైళ్లున్న ఫోల్డర్లలో ఏదైనా మారినప్పుడే మళ్లీ తయారు చేయించండి. ఫ్లాట్‌ప్యాక్ తన డెస్క్‌టాప్ ఫైళ్లని వేరే చోట ఎక్స్‌పోర్ట్ చేస్తుంది, ఆ ఫోల్డరు కూడా చేర్చాలి.

నల్లతెర:
అండర్‌స్కోర్ విషయంలో కుడిక్లిక్ గారి మాట ఒప్పుకుంటున్నాను, ఆ పని జెనరేటర్ చేయలేదు. కానీ ఒకే కంప్యూటరుని నలుగురు వాడే చోట మీ పది ఎంట్రీలు మిగతా ముగ్గురికీ ఏమీ చెప్పవు. అక్కడ పూర్తి జాబితాయే ముందు కనిపించాలి.

కుడిక్లిక్:
నలుగురికీ నాలుగు లాగిన్లు ఉంటే నాలుగు హోమ్ ఫోల్డర్లు, నాలుగు మెనూ ఫైళ్లు. ఒకే లాగిన్‌తో నడుస్తుంటే మీరన్నదే సరి, అక్కడ పూర్తి జాబితా పెట్టండి. నా లాగిన్‌లో మాత్రం ‘అన్నీ’ అట్టడుగునే ఉంటుంది.