శిఖరం వంద మీటర్లలో ఉన్నా మధ్యాహ్నం రెండు గంటలకి వెనక్కి తిరగాల్సిందేనా?

కొండగాలి:
1996 మే 10న ఎవరెస్ట్ మీద జరిగినదాని గురించి మళ్లీ చదివాను. నేపాల్ వైపు నుంచి ఎక్కిన గైడ్ రాబ్ హాల్ బృందానికి టర్న్ అరౌండ్ టైమ్, అంటే శిఖరం అందకపోయినా వెనక్కి తిరగాల్సిన గడువు, మధ్యాహ్నం ఒంటిగంట, మహా అయితే రెండు. పైన తాళ్లు ముందే కట్టి లేకపోవడంతో దారిలో చాలాసేపు ఆగిపోయారు. ఆ బృందంలోని డగ్ హాన్సెన్ శిఖరం చేరేసరికి నాలుగు దాటింది. ఈలోగా తుపాను. హాన్సెన్ దిగలేదు, ఆయన్ని వదిలి రాలేక హాల్ కూడా దిగలేదు. టిబెట్ వైపు మన ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం) వాళ్లు ముగ్గురు పోయారు. రెండు వైపులా కలిపి మొత్తం ఎనిమిది మంది. అందుకే అంటున్నా, రెండు కొడితే వెనక్కి రావాల్సిందే. పది మీటర్లే మిగిలినా సరే.

ఏటిగట్టు:
రెండంటే ఎవరి రెండు? నేపాల్ టైము మనకన్నా పావుగంట ముందు. టిబెట్‌లో నడిచేది బీజింగ్ టైము, అది నేపాల్ కన్నా రెండుంబావు గంటలు ముందు. ఇటు రెండైతే అటు నాలుగుంబావు. ఒకే శిఖరానికి రెండు గడియారాలున్నప్పుడు మీ సూత్రం దేనికి?

చిట్టిమల్లె:
చీకటి మాత్రం రెండు వైపులా ఒకేసారి పడుతుందండీ.

బావిగట్టు_రాజు:
మన మాలావత్ పూర్ణ 2014లో టిబెట్ వైపు నుంచే ఎక్కింది. 13 ఏళ్ల 11 నెలలకే!

కొండగాలి:
రాజు గారూ, సంతోషమే కానీ ఇక్కడ ప్రశ్న అది కాదు. ఏటిగట్టు గారూ, గడియారం పక్కన పెట్టండి. అదే 1996లో గోరాన్ క్రాప్ స్వీడన్ నుంచి సైకిల్ మీద వచ్చి, మే 3న వంద మీటర్ల కింద నుంచి వెనక్కి తిరిగాడు. ఆలస్యమైంది, ఒంట్లో శక్తి అయిపోయింది. మే 23న మళ్లీ వెళ్లి ఎక్కాడు.

ఏటిగట్టు:
గడియారం పక్కన పెట్టను. సూత్రమే దాని మీద ఆధారపడి ఉంది. క్రాప్‌కు ఇంకో ఇరవై రోజులు ఉండే వీలుంది, ఉన్నాడు. 2019 చూడండి. నేపాల్ ఇచ్చిన పర్మిట్లు 381. జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తున వేగంగా వీచే గాలి ప్రవాహం, పక్కకు జరిగి గాలి తగ్గే రోజులు కొన్నే, అందరూ వాటికోసమే కాచుకుంటారు. మే 22, 23 తేదీల్లో శిఖరం కింద సంతలా క్యూ. అందులో నిలబడి ఆక్సిజన్ అయిపోతున్నవాడికి టైమ్ దాటితే తప్పు వాడిదా?

నా సంగతే చెప్తా. 2017లో పీఎఫ్ డబ్బు తీసి లద్దాఖ్‌లోని స్టాక్ కాంగ్రీ శిఖరానికి వెళ్లాను, 6,153 మీటర్లు. అర్ధరాత్రి బయల్దేరాం. ఉదయం తొమ్మిదికి పైన ప్రార్థనా జెండాలు గాలికి కొట్టుకోవడం కనిపిస్తోంది. గైడు గ్లవ్ కాస్త పైకి లాగి వాచీ చూసుకుని, ‘బస్ సర్, వాపస్’ అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

కొండగాలి:
మబ్బు లేకపోవడమే సమస్య. ఎండెక్కితే మంచు మెత్తబడుతుంది, తిరుగుదారిలో హిమానీనదం దాటాలి, పగుళ్ల మీద కప్పులా ఉన్న మంచు కూలుతుంది. ఆయన చేసింది సరైన పని. మీకు పోయింది పీఎఫ్ డబ్బే, ప్రాణం కాదు.

ఏటిగట్టు:
ఎవరడిగారండీ డబ్బు? ఆ తొమ్మిదింటికే నా పక్కన ఉన్న ఇద్దరిని పైకి పంపాడు. పాతికేళ్ల కుర్రాళ్లు. నన్నొక్కణ్ణే హెల్పర్ వెంట కిందికి పంపేశాడు. సాయంత్రం టెంట్‌లో వాళ్ల ఫొటోలు నాకే చూపించారు, బాగున్నాయని చెప్పాను. మంచు నాకొక్కడికే మెత్తబడుతుందా? గడియారం అందరికీ ఒకటి కాదు కాబట్టే మొదటి నుంచీ అడుగుతున్నా, ఎవరిని ఆపాలో తేల్చేది ఎవరని.

చిట్టిమల్లె:
ఇది ముందే చెప్పాల్సింది కదండీ.

కొండగాలి:
సరే, నాదీ వినండి. ఒక బృందానికి సహాయకుడిగా వెళ్లాను. ఒకాయన బాగా నెమ్మదించారు. ఆపమని లీడర్‌కు చెప్పాను, ‘పూర్తి డబ్బు కట్టాడు, ఎలా ఆపుతాం’ అన్నాడు. ఎక్కారు. దిగేటప్పుడు కాళ్లు లేవలేదు. ఆయన్ని కిందికి చేర్చడానికి మాకు పద్నాలుగు గంటలు పట్టింది. నా ఎడమ కాలి బొటనవేలికి ఇప్పటికీ స్పర్శ లేదు. హాల్ కోసం మే 11న ఇద్దరు షెర్పాలు పైకి బయల్దేరారు. గాలి నిలవనివ్వక మధ్యలోంచే తిరిగొచ్చారు. వెనక్కి తిరగనివాడు ఒక్కడే పైన ఉండిపోడు, ఇంకొకరిని కూడా పైకి లాగుతాడు. మిమ్మల్ని ఆపింది అందుకే అయ్యుంటుంది.

ఏటిగట్టు:
ఆ మాట నాతో చెప్పొచ్చుగా. ‘సర్ మీరు స్లో’ అని ఒక్క ముక్క. వాచీ చూపించడం ఎందుకు?

కొండగాలి:
ఆ ఎత్తులో ఆ మాట చెప్తే ఎవరూ వినరు. వాచీ చూపిస్తే వింటారు.

ఏటిగట్టు:
మీ పెద్దాయన వయసెంత?

కొండగాలి:
యాభై రెండు.

ఏటిగట్టు:
నాకప్పుడు యాభై ఒకటి.

బావిగట్టు_రాజు:
స్టాక్ కాంగ్రీకి పర్మిట్ ఎంతవుతుంది సార్?

చిట్టిమల్లె:
అది 2020లో మూసేశారు రాజు గారూ.