ఆల్టూవేకి హాల్ ఆఫ్ ఫేమ్ వస్తుందా, చెత్తబుట్ట మోత అడ్డుపడుతుందా?

కేటీవాసి:
2026 జనవరిలో మా ఆస్ట్రోస్ మాజీ ఆటగాడు బెల్ట్రాన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికైన దగ్గర్నుంచి మా హ్యూస్టన్ బ్యాచ్‌లో ఒకటే గొడవ, ఇక మా ఆస్ట్రోస్ ఆటగాడు హోసే ఆల్టూవేకి కూడా లైన్ క్లియర్ అని సగం మంది, కల్లో కూడా రాదని సగం మంది. నా మాట వస్తుందనే. రెండో బేస్ దగ్గర ఫీల్డింగ్ చేస్తూ మూడు బ్యాటింగ్ టైటిల్స్ (లీగ్‌లో అందరికన్నా ఎక్కువ యావరేజ్; 2014, 2016, 2017), వరసగా నాలుగు సీజన్లు 200కి తగ్గకుండా హిట్లు, 2017లో ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు), తొమ్మిది ఆల్‌స్టార్లు, ప్లేఆఫ్స్‌లో 27 హోమ్ రన్లు. ఆ లిస్టులో ఇతని పైన 29తో మానీ రమిరెజ్ ఒక్కడే ఉన్నాడు. మనిషి చూస్తే అయిదడుగుల ఆరంగుళాలు. వెనిజులాలో సెలెక్షన్‌కి వెళ్తే పొట్టోడివి ఇంటికి పొమ్మన్నారు, మర్నాడు మళ్లీ వచ్చి నిలబడ్డాడు, చివరికి 15 వేల డాలర్లకి తీసుకున్నారు. ఇంకేం కావాలండీ?

బ్రాంక్స్ బాబాయ్:
చెత్తబుట్ట గురించి ఒక్క ముక్క రాయకుండా భలే మొదలెట్టావయ్యా. తెలీనివాళ్ల కోసం నేను చెప్తా. 2017లో మీ ఆస్ట్రోస్ వాళ్లు సెంటర్ ఫీల్డ్ కెమెరాలోంచి క్యాచర్ వేళ్ల సైగలు చూసేవాళ్లు, డగౌట్ పక్కనే మానిటర్ పెట్టుకుని. చెత్తబుట్ట మీద దబదబా బాదితే వంపు తిరిగే బ్రేకింగ్ బాలో నెమ్మదిగా వచ్చే చేంజప్పో వస్తోందని, చప్పుడు లేకపోతే వేగంగా వచ్చే ఫాస్ట్‌బాల్ అని బ్యాటర్‌కి ముందే తెలిసిపోయేది. 2020 జనవరిలో లీగ్ విచారణ రిపోర్ట్ వచ్చింది, క్లబ్బుకి 50 లక్షల డాలర్ల ఫైన్, డ్రాఫ్ట్ పిక్స్ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే ఛాన్సులు) కోత, మేనేజర్ హించ్‌కి, జనరల్ మేనేజర్ లూనోకి ఏడాది సస్పెన్షన్, అదే రోజు ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. మరి ఆటగాళ్లో? ఒక్కడికీ ఏం కాలేదు. నిజం చెప్తే శిక్ష ఉండదని ముందే మాటిచ్చి మరీ మాట్లాడించారు. అదే 2017లో మా యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జి రూకీగా 52 హోమ్ రన్లు కొట్టి ఎంవీపీలో రెండో ప్లేస్‌లో కూర్చున్నాడు, ఎవరి వెనకో నేను చెప్పక్కర్లేదు.

కేటీవాసి:
బాబాయ్, మోత ఎవరి కోసం మోగిందో కూడా చెప్పాలి కదా. ఆస్ట్రోస్ అభిమానే ఒకాయన 2017 హోమ్ మ్యాచ్‌ల వీడియోలు పెట్టుకుని 8,200 పైచిలుకు పిచ్‌లు (బౌలర్ విసిరిన బంతులు) ఒక్కోటీ విని లెక్క కట్టాడు. మొత్తం 1,100 పైన మోతలు దొరికాయి. అందులో ఆల్టూవే బ్యాటింగ్‌లో ఉన్నప్పుడు మోగినవి 24. మిగతా రెగ్యులర్ బ్యాటర్లతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. బుట్ట ఉన్నది హ్యూస్టన్‌లో కదా, మరి ఆ సీజన్‌లో హోమ్ మైదానంలో ఇతని యావరేజ్ (ఎన్ని ప్రయత్నాలకి ఎన్ని హిట్లు) .311, బయట .381. మోసంతో బతికేవాడి నంబర్లు తిరగబడి ఉంటాయా? తన కోసం ఎవరైనా బాదితే చిరాకు పడేవాడని టీమ్‌మేట్ కార్లోస్ కొరియా కూడా ఇంటర్వ్యూలో చెప్పాడు.

బ్రాంక్స్ బాబాయ్:
రెగ్యులర్ సీజన్ చెప్పి ఆగిపోయావేం. 2017 ప్లేఆఫ్స్‌లో హోమ్ మైదానంలో .472, బయట .143. దీనికేమంటావ్? ఇక 2019 ప్లేఆఫ్స్‌లో మా పిచ్చర్ చాప్‌మన్ మీద కొట్టిన ఆఖరి హోమ్ రన్ సంగతి. హోమ్ ప్లేట్ దగ్గరికి వస్తూ జెర్సీ గట్టిగా పట్టుకుని లాగొద్దు లాగొద్దని టీమ్‌మేట్స్‌కి సైగలు చేశాడే, ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు నిద్ర పట్టదు.

కేటీవాసి:
ప్లేఆఫ్స్ బయట ఆడినవి తొమ్మిది మ్యాచ్‌లు బాబాయ్, తొమ్మిదే, తొమ్మిది మ్యాచ్‌లు సరిగ్గా ఆడని వాళ్లంతా దొంగలైతే మీ టీమ్‌లో ఎవడు మిగుల్తాడు. జెర్సీ లోపల ఏ బంతి వస్తోందో చెప్పే బజర్ దాచాడన్న పుకారు మీద లీగ్ విచారించి ఏ ఆధారమూ దొరకలేదని తేల్చింది.

ఉప్పల్ స్టాండ్:
అన్నా నేను క్రికెట్ పిచ్చోణ్ణి, మా తమ్ముడు డల్లాస్ల ఉంటడు కాబట్టి గీ ఆట జర తెల్సు. 2018ల సాండ్‌పేపర్ మోసానికి స్మిత్‌కి, వార్నర్‌కి ఏడాది బ్యాన్ పడ్డది గద. వార్నర్ అప్పట్ల మన సన్‌రైజర్స్ కెప్టెన్, ఆ సీజన్ మొత్తం పోయింది, 2019ల వాపస్ వచ్చి 692 పరుగులు చేసిండు, మనమే నెత్తిన పెట్టుకున్నం. శిక్ష పడ్డోణ్ణి మాఫీ చేసుడు అల్కగుంటది. ఆల్టూవేకి శిక్షనే పడలే, గందుకే జనం ఇప్పటికీ ప్రతి ఊర్ల బూ కొడుతున్నరు అనిపిస్తది నాకు.

బ్రాంక్స్ బాబాయ్:
ఇంతసేపటికి ఒక్క మంచి మాట పడింది. తమ్ముడూ, నా గొడవా అదే. ఏడాది కూర్చోబెట్టి ఉంటే నేనూ 2020లోనే వదిలేసేవాణ్ణేమో.

లెక్కలమాస్టారు:
మీరిద్దరూ బుట్ట చుట్టూనే తిరుగుతున్నారు, ఆ కేసుకి రేటు ఎంతో బెల్ట్రాన్ పుణ్యమా అని తెలిసిపోయింది కదా. రిపోర్ట్‌లో పేరుతో సహా దొరికిన ఆటగాడు ఆయనొక్కడే, న్యూయార్క్ మెట్స్ టీమ్ మేనేజర్ ఉద్యోగం ఒక్క మ్యాచ్ కూడా నడపకుండానే పోయింది. అయినా మొదటి ఏడాది 46.5 శాతం, తర్వాత 57.1, తర్వాత 70.3, నాలుగో ఏట ఎన్నికవ్వడానికి కావలసిన 75 దాటేశాడు. అంటే ఓట్లు వేసే బేస్‌బాల్ రచయితలు మూడేళ్లు గుమ్మంలో నిలబెట్టి లోపలికి పిలిచారు. ఒక్కో ఆటగాడికి బ్యాలట్ మీద పదేళ్ల టైమ్ ఉంటుంది కాబట్టి మూడేళ్ల ఆలస్యం ఆల్టూవేని చంపదు. ఓటు రూల్స్‌లో ఆటతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, నడవడిక కూడా చూడమని రాసి ఉన్న మాట నిజమే, ఒక్కో ఓటరు దాన్ని ఒక్కోలా చదువుకుంటాడు.

నా భయం వేరే. కెరీర్ మొత్తం విలువ చూపించే వార్ లెక్కలో హాల్‌లో ఉన్న రెండో బేస్‌మెన్ సగటు 70కి దగ్గర్లో ఉంటుంది, ఇతను యాభైల్లో ఉన్నాడు. 2025లో యావరేజ్ .265కి పడింది, ఫీల్డింగ్ చూసి లెఫ్ట్ ఫీల్డ్‌కి పంపారు. 2025 చివరికి హిట్లు 2,380 దాటాయి. కాంట్రాక్ట్ 2029 వరకు ఉంది, 3,000 చేరాలంటే 36 నుంచి 39 ఏళ్ల వయసులో ఏడాదికి 150 పైన కొట్టాలి. అది దాటితే చెత్తబుట్ట గురించి ఎవడూ మాట్లాడడు. అయినా అది గ్యారంటీ కాదు సుమా, పాల్మీరో, ఎ-రాడ్ మూడు వేలు దాటి కూడా బయటే ఉన్నారు, కాకపోతే వాళ్లది స్టెరాయిడ్ల గోల.

కేటీవాసి:
మాస్టారూ, మూడు వేలు లేకపోతే అసలు కుదరదంటారా? రెండో బేస్ ఆడిన జెఫ్ కెంట్‌కి రచయితలు పదేళ్లూ ఇవ్వలేదు గానీ 2025 డిసెంబర్‌లో హాల్ కమిటీ తీసుకుంది కదా. ఇంకో రెండో బేస్‌మన్ చేజ్ అట్లీకి రెండు వేల హిట్లు కూడా లేవు, ఓట్లు ఏటేటా పెరుగుతున్నాయి.

లెక్కలమాస్టారు:
కుదరదనలేదు. నిజానికి అట్లీ హాల్‌లోకి ఎక్కితే ఆల్టూవే దారి సగం తేలికవుతుంది, ఎందుకంటే మొత్తం హిట్లు కాకుండా మంచి రోజుల్లో ఎంత గొప్పగా ఆడాడన్నది చూసే ఓటర్లు పెరిగారని అర్థం. అలా చూస్తే 2014 నుంచి 2017 దాకా ఇతనిలా నిలకడగా హిట్లు కొట్టినవాళ్లు ఎంతమంది? ఇంకొకటి, 2020లో మోత బయటపడ్డాక .219కి పడిపోయాడు, అప్పుడందరూ ఇదిగో దొంగ దొరికాడన్నారు. 2021లో 31 హోమ్ రన్లు, 2022లో సరిగ్గా .300, వరల్డ్ సిరీస్ టైటిల్ కూడా. కెమెరాలు, బుట్టలు లేని రోజుల్లో, స్టేడియం మొత్తం తిడుతుంటే. నా మటుకు ఇతని కేసులో అసలైన సాక్ష్యం ఆ రెండేళ్లే, ఎంవీపీ కాదు.

బ్రాంక్స్ బాబాయ్:
2022 నేనూ ఒప్పుకుంటా. ఆ ఏడు మమ్మల్ని నాలుగు మ్యాచ్‌ల్లో ఊడ్చేశారు, ఏ బుట్టా లేకుండా. కానీ 2017 ఎంవీపీ ఫలకం మీద చెక్కించుకుంటారు చూడు, అది నాకు ఈ జన్మలో మింగుడుపడదు.

ఉప్పల్ స్టాండ్:
ఇంతకీ ఎప్పుడు తేలుతది అన్నా ఇదంతా?

లెక్కలమాస్టారు:
2029 అయ్యాక మానేశాడనుకో, అయిదేళ్లు ఆగాలి, 2035 బ్యాలట్. మొదటి ఏడాది 50 శాతం దాటితే చాలు, మూడో ఏటికో నాలుగో ఏటికో వెళ్లిపోతాడు. 30ల్లో మొదలైతే మాత్రం పదో ఏడు దాకా ఎదురుచూస్తూ కూర్చోవాలి.

బ్రాంక్స్ బాబాయ్:
మొదటి ఏడాది 40 దాటదు. రాసిపెట్టుకో.

కేటీవాసి:
రాసుకున్నా బాబాయ్, స్క్రీన్‌షాట్ కూడా తీశా.