శనివారం మంచా, వానా? మన చిన్న స్కీ రిసార్ట్‌లో పరిస్థితి తెలిసినవాళ్లు చెప్పండి

పల్లవి_1450 (మంగళవారం, రాత్రి)
అందరికీ నమస్తే. శనివారం పిల్లలిద్దరితో వెళ్దామనుకుంటున్నాం. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. ఇద్దరూ ఇంకా నేర్చుకుంటున్నారు. లిఫ్ట్ కింది స్టేషన్ ఎత్తు 1450 మీటర్లు, పైది 1820 అని మీకు తెలుసు కదా. వాతావరణ యాప్ శనివారం 22 సెంటీమీటర్ల కొత్త మంచు అంటోంది. ఇంకో సైట్ వాన బొమ్మ చూపిస్తోంది. రిసార్ట్ పేజీలో మాత్రం మంచు లోతు 60 సెంటీమీటర్లు అని ఉంది. ఏది నమ్మాలి? పొద్దున వెళ్తే మంచిదా, మధ్యాహ్నమా? పిల్లల లిఫ్ట్ నడుస్తుందా? స్కీల అడుగుకు ఏ వ్యాక్స్ (మైనం) వేయాలి?

శ్రీను_స్లోప్స్
ఆ 60 గురించి నన్నడగండి. పోయిన నెల అదే అంకె చూసి వెళ్లాను. రెండో మలుపు దగ్గర మంచు కింద రాయి తగిలింది. స్కీ అడుగున గోరు దిగేంత గాడి, జానెడు పొడవు. ఇంటికొచ్చి దీపం కింద పెట్టి చూస్తే లోపలి పొర కనిపిస్తోంది. కొలిచే కర్ర ఎక్కడుందో తెలుసా? పై స్టేషన్ గోడ వెనకాల. గాలి అంతా తెచ్చి అక్కడే పోస్తుంది. అక్కడ 60 ఉంటే స్లోప్ మీద 20 ఉండొచ్చు, 10 ఉండొచ్చు.
ఇది మన దగ్గరే కాదు. అమెరికా, కెనడా రిసార్ట్‌ల రిపోర్టుల మీద డార్ట్‌మత్ కాలేజీ ఆర్థికవేత్తలు ఇద్దరు పరిశోధన చేశారు. వారాంతాల్లో 23% ఎక్కువ కొత్త మంచు పడినట్టు రిసార్ట్‌లు చెప్పుకున్నాయని తేలింది. ఆకాశానికి శని, ఆదివారాలు తెలుస్తాయా?

కొండదారి
శ్రీను గారూ, మీ స్కీకి దెబ్బ తగిలినందుకు బాధగానే ఉంది. కానీ కర్రను గాలి తగలని చోట పాతడం మోసం కాదు, పద్ధతే అది. గాలి కొట్టే చోట పాతితే మంచు ఎంత పడినా సున్నా చూపిస్తుంది. పైగా కొత్త మంచు కుంగుతుంది. రాత్రి 30 పడింది రెండు రోజుల్లో 20 అవుతుంది, ఒక్క చుక్క కరగకపోయినా సరే. మీరు వెళ్లింది రిపోర్ట్ వచ్చిన మూడో రోజు అయితే?
ఆ పరిశోధనలో రెండో సగం కూడా చెప్పండి. స్లోప్ మీద నుంచే జనం ఫోన్లో రిపోర్ట్ పెట్టే వీలు వచ్చాక ఆ అతిశయోక్తి బాగా తగ్గిపోయింది. అందుకే ఇక్కడ వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ రెండు ముక్కలు రాయాలని అంటాను.

మేఘమాల
లోతు సంగతి పక్కన పెట్టి గాలి చూడండి. శనివారం పైన గాలి విసురు గంటకు 70 కిలోమీటర్లు అంటున్నారు. ఆ గాలిలో పై కుర్చీ లిఫ్ట్ నడపరు. 22 పడినా 40 పడినా కిందే ఉండాలి.

రఘు_వెదర్
పల్లవి గారూ, సూటిగా చెప్తాను. శనివారం ఫ్రీజింగ్ లెవెల్ 1900 మీటర్లు. అంటే సున్నా డిగ్రీల గీత మన పై స్టేషన్ కన్నా 80 మీటర్లు పైన ఉంటుంది. ప్రతి వెయ్యి మీటర్లు దిగితే దాదాపు 6.5 డిగ్రీలు పెరుగుతుంది. 1450 దగ్గరికి వచ్చేసరికి ప్లస్ 3. ప్లస్ 3లో పడేది వాన. యాప్ పడబోయే నీటి లెక్కను పదితో గుణించి మంచు సెంటీమీటర్లు చేసేస్తుంది, అంతే. పిల్లలను తడపకండి.

గ్రూమర్_అన్న
రఘు తమ్ముడూ, పప్పులో కాలేశావు. సున్నా గీత దాటగానే మంచు టక్కున నీళ్లయిపోదు. మంచు పువ్వు కరగడానికి దూరం కావాలి. మామూలుగా గీతకు 200–300 మీటర్ల కింది దాకా మంచుగానే వస్తుంది. 1900 అంటే 1600 దాకా మంచు.
పద్నాలుగు సీజన్లుగా రాత్రిపూట స్లోప్ చదును చేసే గ్రూమింగ్ మెషీన్ నడుపుతున్నాను. ఏ ఎత్తులో ఏం పడుతోందో నాకు అద్దం మీద కనిపిస్తుంది. కింద చినుకు చినుకుగా జారుతుంది. లిఫ్ట్ నాలుగో స్తంభం దగ్గర చినుకులో తెల్లటి గింజ కనిపిస్తుంది. ఆరో స్తంభం దాటితే పువ్వు అద్దానికి అతుక్కుని వైపర్ కింద ముద్దవుతుంది. గట్టిగా పడిన రాత్రి ఆ ముద్ద మెల్లమెల్లగా కింది స్టేషన్ దాకా దిగి వస్తుంది. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మనది గిన్నెలాంటి లోయ. గట్టిగా కురిస్తే కిందికీ మంచే.

రఘు_వెదర్
300 మీటర్ల సంగతి ఒప్పుకుంటాను, రాయాల్సింది. కానీ "గట్టిగా కురిస్తే కిందికీ మంచే" అన్నది చూసి పిల్లలతో బయల్దేరేవాళ్లు ఉంటారన్నా. మీకు అద్దం మీద కనిపించింది ఆ రాత్రి సంగతి. ఎందుకు అలా జరిగిందో తెలియకుండా శనివారానికి అంటగట్టకూడదు. మెషీన్ నడిపినంత మాత్రాన ఫోర్‌కాస్ట్ చెప్పడం రాదు.

గ్రూమర్_అన్న
మాట జాగ్రత్త. మీరంతా నిద్రపోతున్నప్పుడు మైనస్ 15లో మీ కోసం స్లోప్ చదును చేసేది నాలాంటివాళ్లే. నువ్వు ఈ లోయలో ఎన్ని రాత్రులు గడిపావు? ఎందుకు జరుగుతుందో కూడా నాకు తెలుసు. కరిగే మంచు చుట్టూ ఉన్న గాలిలోని వేడి లాక్కుంటుంది. గాలి చల్లబడుతుంది. తర్వాత వచ్చే పువ్వు ఇంకాస్త కిందికి దిగి కరుగుతుంది. అలా మంచు గీత కిందికి జారుతుంది.

లెక్కల_మాస్టారు
ఇద్దరూ ఆగండి, లెక్క వేద్దాం. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. ఒక మిల్లీమీటరు నీరు అంటే చదరపు మీటరుకు కిలో. 1900 నుంచి 1450 దాకా 450 మీటర్ల గాలి స్తంభం బరువు చదరపు మీటరుకు దాదాపు 470 కిలోలు. దాన్ని ఒక డిగ్రీ చల్లార్చడానికి సుమారు 470 కిలోజౌళ్లు పోవాలి. అంటే ప్రతి మిల్లీమీటరు మంచు కరిగితే ఆ గాలి 0.7 డిగ్రీ చల్లబడుతుంది. ఆ స్తంభం సగటున సున్నాకు ఒకటిన్నర డిగ్రీ పైన ఉంది. రెండు, రెండున్నర మిల్లీమీటర్లు కరిగితే చాలు, కింది దాకా సున్నా అవుతుంది. అన్న చెప్పింది నిజమే.
అయితే ఒక షరతు. ఆ గాలి అక్కడే నిలవాలి. పక్క నుంచి వెచ్చటి గాలి వచ్చి తోసేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

రఘు_వెదర్
నేను మొత్తుకుంటున్నది ఆ షరతు గురించే! శనివారం గాలి ఉంది.

గ్రూమర్_అన్న
పైన గాలి ఉంటుంది. లోయ అడుగున మధ్యాహ్నం దాకా ఆకు కూడా కదలదు. అది నీ మ్యాపులో కనపడదు.

సుధ_ఎస్
అసలు వీళ్లు మంచు యంత్రాలు ఎందుకు నడపరు? పోయిన వారం రాత్రి మైనస్ 1 ఉంది. నేను కళ్లారా చూశాను, మంచు చిమ్మే గన్ ఒక్కటి కూడా తిరగలేదు. సీజన్ పాస్ కొనుక్కుని కింద గడ్డి చూస్తుంటే కడుపు మండిపోతోంది. పొరుగు రిసార్ట్‌లో ప్లస్ 1లో కూడా నడిపారని మా తమ్ముడు చెప్పాడు.

గ్రూమర్_అన్న
సుధమ్మా, గన్ థర్మామీటర్ చూసి నడపం, వెట్ బల్బ్ చూసి నడుపుతాం. తేమ కూడా కలిపి లెక్కేసే ఉష్ణోగ్రత అది. మైనస్ 1 ఉండి తేమ 95% ఉంటే వెట్ బల్బ్ మైనస్ 1.3 దగ్గరే ఆగిపోతుంది. నీళ్లు చిమ్మితే నీళ్లే పడతాయి. ప్లస్ 1 ఉండి తేమ 40% అయితే వెట్ బల్బ్ మైనస్ 3. అక్కడ మంచు తయారవుతుంది. ఆ రాత్రి మన లోయలో పొగమంచు కమ్ముకుని ఉంది, గుర్తుందా?

సుధ_ఎస్
పొగమంచు ఉన్న మాట నిజమే. సరే అన్నా, ఈ ముక్క రిసార్ట్ వాళ్లు బోర్డు మీద రాసిపెడితే మాకు ఇంత మంట ఉండేది కాదు.

నేను_వంశీ
ఎవరూ అసలు పాయింట్‌కి రావట్లేదు. యాప్‌కి మన కొండ తెలియదు. వాతావరణ మోడల్ నేలను గడులుగా విడగొట్టి లెక్క వేస్తుంది. యూరోపియన్ మోడల్ గడి 9 కిలోమీటర్లు, అమెరికన్ మోడల్‌ది 13. మన రిసార్ట్ మొత్తం ఒక్క గడిలో ఒక మూల. ఆ గడిలో కొండా లోయా కలిపి సగటు ఎత్తు తీసుకుంటుంది. మీ యాప్‌లో ఆ చోటుకి ఎత్తు ఎంత రాసి ఉందో చూడండి. నా యాప్‌లో 1120 ఉంది! ఒక సైట్ వాన, ఇంకోటి మంచు చూపించడానికి సగం కారణం అదే.
ఇంకోటి. మంగళవారం కూర్చుని శనివారానికి ఒకే అంకె చూడకూడదు. యూరోపియన్ మోడల్‌నే కొద్ది కొద్ది తేడాలతో 51 సార్లు నడిపిన ఎన్‌సెంబుల్ ఉంటుంది, అది చూడాలి. ఈ పొద్దున చూస్తే కొన్నిటిలో 3 సెంటీమీటర్లు, కొన్నిటిలో 35. 22 అన్నది వాటి మధ్యలో ఎక్కడో ఉన్న అంకె. దాన్ని పట్టుకుని హోటల్ బుక్ చేసుకుంటారా?

పల్లవి_1450 (బుధవారం)
ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ థాంక్స్. నా యాప్‌లోనూ ఎత్తు చూశాను, 1180 ఉంది. పిల్లల లిఫ్ట్ గురించి, వ్యాక్స్ గురించి ఎవరైనా చెప్పగలరా?

అజయ్_ఆఫ్‌పిస్ట్
మంచు పడితే నేనూ మా ఫ్రెండూ కుడివైపు చెట్లు దాటి ఆ ఓపెన్ స్లోప్‌లో దిగుదామనుకుంటున్నాం. ఎవరైనా వస్తారా? పోయినేడు అక్కడ పౌడర్ (పొడి మంచు) మోకాళ్ల దాకా వచ్చింది.

కొండదారి
వద్దు అజయ్. ఆ స్లోప్ వాలు 35 డిగ్రీలు ఉంటుంది. ఎక్కువ మంచు చరియలు జారేది 30 నుంచి 45 మధ్యే. ఈ వారం చలికి పాత మంచు మీద గింజలు గింజలుగా బలహీనమైన పొర తయారైంది. దాని మీద శనివారం గాలి కొత్త మంచు తెచ్చి పలకలా పేరుస్తుంది. పోయినేడు ఏమీ కాలేదంటే ఈసారీ కాదని కాదు. మంచు చరియల ప్రమాద బులెటిన్‌లో 5కి 3 అని ఉంది.

అజయ్_ఆఫ్‌పిస్ట్
3 అంటే మధ్యలో కదా, మరీ ప్రమాదమేం కాదు.

కొండదారి
3 అంటే "మధ్యస్థం" కాదు, "గణనీయం". ఒక్క మనిషి బరువు చాలు జారడానికి. ఆ స్కేలు మెట్లలా సమానంగా పెరగదు, ఒక్కో అంకెకూ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మంచులో కూరుకుపోయినవాళ్లను వెతికే బీకన్, గుచ్చి చూసే ప్రోబ్, తవ్వే పార ఉన్నాయా మీ ఇద్దరి దగ్గర? వాడటం ప్రాక్టీస్ చేశారా? లేకపోతే రిసార్ట్ హద్దు తాళ్ల లోపలే ఉండండి, దయచేసి. నేను ఒకసారి వెతికే బృందంలో నిలబడ్డాను. ఇంకోసారి నిలబడాలని లేదు.

అజయ్_ఆఫ్‌పిస్ట్
సరే అన్నా. వెళ్లం.

కళ్యాణి_కె
పల్లవి, పిల్లల తల్లిగా చెప్తున్నా. ఈ మంచు-వాన గొడవలో పెద్దవాళ్లకు ఏమీ కాదు, పిల్లల గ్లవ్స్ ముందు తడుస్తాయి. ఇద్దరికీ రెండేసి జతలు పెట్టుకో. మా వాడు సున్నా డిగ్రీల్లో తడి గ్లవ్స్‌తో ఏడ్చినంత మైనస్ 10లో పొడి మంచులో ఎప్పుడూ ఏడవలేదు. పొద్దున్నే వెళ్లిపో. మబ్బు పట్టిన మధ్యాహ్నం వెలుతురు చదునుగా అయిపోయి, గుంట ఏదో గట్టు ఏదో పిల్లలకు కనిపించదు.

మేఘమాల (శుక్రవారం)
ఫోర్‌కాస్ట్‌లో పైన గాలి విసురు ఇప్పుడు 80 అయింది. మళ్లీ చెప్తున్నాను, పై లిఫ్ట్ మీద ఆశ పెట్టుకోకండి.

పల్లవి_1450 (శనివారం, రాత్రి)
వెళ్లొచ్చాం. కొండదారి గారు అన్నట్టు వివరంగా రాస్తున్నాను.
ఏడున్నరకు పార్కింగ్‌లో వాన. కారులో థర్మామీటర్ ప్లస్ 3. రఘు గారు చెప్పిందే నిజమని వెనక్కి తిరగబోయాం. గాలి మాత్రం అస్సలు లేదు, జెండా గుడ్డ కర్రకు అతుక్కుని వేలాడుతోంది. పిల్లలు బతిమాలితే కాసేపు ఆగాం. తొమ్మిదింటికి ప్లస్ 1.5. పది కొట్టేలోపు ప్లస్ 0.5 అయింది, అద్దం మీద చినుకు జారడం మానేసి మెత్తగా కూర్చోవడం మొదలైంది. బాబు కిటికీ దించి చెయ్యి చాపాడు. అరచేతిలో సగం వచ్చే పువ్వులు, పడగానే నీళ్లు. పన్నెండుకి బానెట్ మీద 6 సెంటీమీటర్ల తడి మంచు, స్కేలు పెట్టి కొలిచాం.
పిల్లల లిఫ్ట్ నడిచింది. పై కుర్చీ లిఫ్ట్ పొద్దున తెరవనే లేదు, రోజంతా మూసే ఉంది. పైన ఎంత పడిందో మాకు తెలియదు. రెండింటికి కింద కూడా ఒక్కసారిగా గాలి లేచింది. పది నిమిషాల్లో ప్లస్ 2, మళ్లీ వాన. అప్పుడు వచ్చేశాం. కళ్యాణి గారూ, రెండో జత గ్లవ్స్ కాపాడాయి.

గ్రూమర్_అన్న
చెప్పానా! గిన్నెలాంటి లోయ అని.

రఘు_వెదర్
గాలి రాగానే వాన అయింది కదన్నా, నేను చెప్పింది అదే. కానీ పొద్దున్నుంచి రెండింటి దాకా లోయలో గాలి కదలకుండా నిలుస్తుందని నేను అనుకోలేదు. అది మీకు తెలుసు, నాకు తెలియదు. మెషీన్ మాట అన్నందుకు సారీ.

గ్రూమర్_అన్న
పర్లేదు తమ్ముడూ. ఈసారి గట్టిగా కురిసే రాత్రి స్టేషన్ దగ్గరికి రా, గ్యారేజీ గుమ్మంలో నిలబడి థర్మామీటర్ పట్టుకుందాం.

లెక్కల_మాస్టారు
నన్నూ పిలవండి. స్తంభం స్తంభానికీ ఉష్ణోగ్రత రాసుకోవాలి.

శ్రీను_స్లోప్స్
బానెట్ మీద 6. రిసార్ట్ పేజీలో ఇవాళ్టి కొత్త మంచు 18 అని ఉంది. నేనేమన్నాను మొదట్లో?

కొండదారి
అది పై స్టేషన్ కొలత శ్రీను గారూ, ఎత్తు 370 మీటర్లు తేడా. పేజీలో కింద, పైన అని రెండు అంకెలు విడివిడిగా పెట్టమని అందరం కలిసి వాళ్లకు రాద్దాం. దానికి మీరు ఒప్పుకుంటారా?

శ్రీను_స్లోప్స్
దానికైతే మొదటి సంతకం నాదే.

మేఘమాల
లిఫ్ట్ గాలికి మూస్తారా లేదా అన్నది కూడా ముందు రోజు రాత్రే పెట్టమని రాయండి. రెండుసార్లు చెప్పినా ఎవరికీ పట్టని విషయం అదే.

నేను_వంశీ
పల్లవి గారూ, మీ వ్యాక్స్ ప్రశ్న ఇప్పుడే కనిపించింది, ఆలస్యమైంది. సున్నా చుట్టుపక్కల తడి మంచుకు వెచ్చటి ఉష్ణోగ్రతల వ్యాక్స్, చాలా కంపెనీలకు అది పసుపు రంగులో ఉంటుంది. ఫ్లోరిన్ లేనిదే తీసుకోండి, 2023–24 సీజన్ నుంచి ఎఫ్‌ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) పోటీల్లోనే ఫ్లోరిన్ నిషేధించారు. ఇవాళ వానలో తడిశాయి కాబట్టి ముందు స్కీల అంచులు పొడి గుడ్డతో తుడవండి, రెండింటినీ కలిపి కట్టకుండా విడివిడిగా నిలబెట్టండి. రేపటికి ఉంచితే తుప్పు పడుతుంది.

పల్లవి_1450
ఇంకా కారులోనే కట్టేసి ఉన్నాయి. ఇప్పుడే వెళ్లి తీస్తున్నాను.