ఆఫీసులో ఒక మనిషి, ఇంట్లో ఒక మనిషి: మా అబ్బాయిలో ఏది అసలు స్వభావం?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

మా అబ్బాయికి ఇరవై ఆరేళ్లు. ఇంటి నుంచే ఒక అమెరికా కంపెనీకి పనిచేస్తున్నాడు. సాయంత్రం ఆరున్నరకు గది తలుపు వేసుకుని, తండ్రి వయసున్న పై అధికారిని పేరు పెట్టి పిలుస్తూ, ఆయన చెప్పిన పద్ధతి సరికాదని మొహమాటం లేకుండా వాదిస్తాడు. మధ్యలో భోజనానికి లేచి వచ్చినప్పుడు మా మామగారు పెళ్లి మాట ఎత్తితే మాత్రం, 'మీరెలా అంటే అలాగే తాతయ్యా' అని కంచం వైపు చూస్తూ ఊరుకుంటాడు. ప్రపంచీకరణ మనిషిని ఇలా రెండుగా చీలుస్తుందా?

జవాబు 1 (విజయవాడ, మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు)

అమ్మా, దీన్ని చీలిక అనలేను. అమెరికా మనస్తత్వవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2002లో రాసిన వ్యాసంలో, ప్రపంచీకరణ ప్రభావం ముఖ్యంగా 'నేనెవరిని' అన్న భావన మీద పడుతుందని, ఒక వేరు సొంత సంస్కృతిలో, మరొక వేరు ప్రపంచ సంస్కృతిలో ఉన్న ద్వంద్వ అస్తిత్వం యువతలో ఏర్పడుతుందని వివరించాడు. అందుకు ఉదాహరణగా ఆయన చూపినది మన దేశపు చదువుకున్న యువతనే: ప్రపంచ స్థాయి ఉద్యోగాల్లో ఉంటూనే వారిలో ఎక్కువమంది పెద్దలు కుదిర్చిన పెళ్లికే మొగ్గు చూపుతున్నారని రాశాడు.

రెండు సంస్కృతులు ఒంటబట్టినవారిలో సందర్భాన్ని బట్టి ఆలోచనా చట్రమే మారుతుందని మనస్తత్వవేత్త యింగ్-యీ హాంగ్ బృందం 2000లో చూపింది. హాంకాంగ్ విద్యార్థులకు అమెరికా చిహ్నాలు చూపినప్పుడు ఒక విధంగానూ, చైనా చిహ్నాలు చూపినప్పుడు మరొక విధంగానూ వారు ఎదుటివారి ప్రవర్తనకు కారణాలు చెప్పారు. 'నువ్వు', 'మీరు' అన్న తేడా ఉన్న భాషలో పెరిగిన మనకు ఇది కొత్త విద్యేమీ కాదు. అయితే రెండు చోట్లా ఇమడలేనివారిలో గందరగోళం పుడుతుందని ఆర్నెట్ కూడా అన్నాడు కనుక, మీవాడి మౌనం గౌరవమో, చెప్పలేకపోవడమో మీరే అడిగి తెలుసుకోవాలి.

జవాబు 2 (విజయవాడ, పటమట)

నన్ను బాధించేది పోలిక. మనిషి తనలాంటివారితో పోల్చుకునే తనను తాను అంచనా వేసుకుంటాడని అమెరికా మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింజర్ 1954లోనే ప్రతిపాదించాడు. మా నాన్నగారు పోల్చుకోవడానికి మా వీధి ఒక్కటే ఉండేది. నేను మాత్రం, ఇంటర్‌లో నా పక్క బెంచీలో కూర్చున్న మిత్రుడు డాలస్‌లో కొన్న ఇంటి ఫొటో వాట్సాప్‌లో పెట్టిన రోజు, ఎంతో ఇష్టపడి కొనుక్కున్న మా ఫ్లాట్ హాల్లో నిలబడి దాని గోడలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూశాను. మీ అబ్బాయి ఎవరితో పోల్చుకుంటున్నాడో కూడా అడగండి.

ప్రశ్న అడిగినవారి సమాధానం

నిన్న రాత్రి అడిగాను. భయం కాదన్నాడు. సంబంధం తాతయ్యనే చూడమన్నానని, కానీ అమ్మాయితో కొన్నాళ్లు మాట్లాడిన తరువాతే ఒప్పుకుంటానని వాళ్ల నాయనమ్మకు ఎప్పుడో చెప్పానని అన్నాడు. మామగారికి కూడా ఆ సంగతి తెలుసట. ఈ ఆదివారం తెనాలిలో పెళ్లిచూపులు. ఆ మాట అమ్మాయి తరఫువారికి ముందుగానే చెబుతాము.