ప్రోస్టేట్‌కి కరెంట్ (రేడియేషన్) పెట్టేముందు, మూత్రం ఇబ్బంది ఎంత రావచ్చో లెక్కగట్టి చెప్పాలా, వద్దా?

వేళచ్చేరి అబ్బాయి:
మా నాన్నకి 71. నెల్లూరు నుంచి తీసుకొచ్చి చెన్నైలో ఒక ఆసుపత్రిలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కి కరెంట్ పెట్టించాం, 20 సిట్టింగులు. అంతకు రెండేళ్ల ముందు నుంచే ఆయన రాత్రిళ్లు నాలుగుసార్లు ఒంటికి లేచేవారు, ముక్కితే గానీ ధార వచ్చేది కాదు. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు. వయసు వల్లేలే అనుకుని మేమూ చెప్పలేదు.

పదిహేనో సిట్టింగు దాటాక మంట మొదలైంది. ఒక రాత్రి రెండింటికి లేచి చూస్తే, బాత్రూంలో కుళాయి సన్నగా తిప్పుకుని, ఆ చప్పుడుకైనా వస్తుందేమోనని పీట మీద కూర్చుని ఉన్నారు. పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయింది. ఎమర్జెన్సీకి పరుగెత్తి పైపు వేయించాం.

అప్పుడు యూరాలజీ డాక్టరు ఒక కాగితం ఇచ్చారు. ఐపీఎస్ఎస్ అంటారట. ఏడు ప్రశ్నలు, 35 మార్కులు. 7 వరకు తేలిక, 8 నుంచి 19 మధ్యరకం, 20 నుంచి తీవ్రం. కాగితం ఇంగ్లీషులో ఉంది, వెనకవైపు తమిళం. నాన్నకి రెండూ రావు, నేనే చదివి వినిపించాను. కరెంట్‌కి ముందున్న ఇబ్బందులకి లెక్కేస్తే 22. మార్కులు ఎక్కువున్నవాళ్లకి రేడియేషన్లో ఇబ్బంది ఎక్కువయ్యే అవకాశం ఉందని ఆ డాక్టరు చెబుతుంటే నా కడుపు మండిపోయింది. ఐదు నిమిషాల పని అది! మొదలుపెట్టకముందే అంచనా కట్టి, రోగికి చెప్పి తీరాలి. మీరేమంటారు?

ఫిజిసిస్ట్, పల్లావరం:
చదువుతుంటే మనసు కలుక్కుమందండి. ఆ ప్రశ్నలు అడగకపోవడం తప్పే. కానీ లెక్కగట్టి చెప్పి తీరాలంటే ఒప్పుకోలేను. డోసు ఎక్కడ ఎంత పడాలో లెక్కేయడానికి ముందుగా ప్లానింగ్ సీటీ స్కాన్ ఒక్కరోజు తీస్తాం. ఆ రోజు బ్లాడర్ (మూత్రాశయం) ఎంత నిండితే దాని మీదే డోసు లెక్క. తర్వాత రోజూ నీళ్లు తాగి, ఆపుకుని రమ్మంటాం, నిండిన బ్లాడర్ చాలావరకు డోసుకి దూరంగా జరుగుతుందని. జీఎస్టీ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయన ఆపుకోలేక దారిలోనే కానిచ్చి వస్తాడు. ఇంకొకాయన గంట ముందే వచ్చి ఉబ్బిపోయి కూర్చుంటాడు. కాగితం మీద డోసు ఒకటి, బ్లాడర్‌కి తగిలేది ఇంకొకటి. ఏ అవయవం ఎంత డోసు తట్టుకుంటుందో చూసిన 2010 నాటి క్వాంటెక్ సమీక్షలు కూడా మలద్వారం పైభాగానికి చెప్పినంత గట్టిగా బ్లాడర్‌కి పరిమితులు చెప్పలేకపోయాయి. ఇలాంటి వదులు లెక్కతో ‘మీకు ఇంత శాతం’ అంటే, ఆ భయానికి పెద్దాయన వైద్యం మానేసి ఊరెళ్లిపోతే?

పెరంబూర్ పెద్దాయన:
బాబూ, నేను పెట్టించుకున్నవాణ్ణి. అంతకుముందే టీయూఆర్‌పీ, అదే మూత్రనాళం గుండా ప్రోస్టేట్‌ని గీకే ఆపరేషన్, అయింది, గుండెకి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాను. డాక్టరమ్మ ముందే చెప్పింది, ‘ఈ రెండూ ఉన్నాయి కాబట్టి ఏడాది రెండేళ్లకి మూత్రంలో రక్తం ఎర్రగా పడొచ్చు, పడితే కంగారుపడకుండా రండి’ అని. రెండో ఏడు దీపావళి ముందు పడింది. మా ఇంటావిడ ఏడుపు అందుకుంది. నేను చొక్కా తొడుక్కుని బయల్దేరాను. శాతాలు చెప్పలేదు, నాకు అక్కర్లేదు కూడా.

వేళచ్చేరి అబ్బాయి:
ఫిజిసిస్ట్ గారూ, రోజూ మారేది బ్లాడర్ నిండటం. మా నాన్న ధార రెండేళ్లుగా సన్నగానే ఉంది కదండీ. ఏడు ప్రశ్నలు, ఫ్లో టెస్టు, పోసుకున్నాక లోపల ఎంత మిగిలిందో చూసే స్కాన్, వీటికి డోసుతో పనిలేదు. ముందే చూసుంటే ధార సాఫీగా రావడానికి ఇచ్చే టామ్సులోసిన్ మందు ముందే మొదలుపెట్టేవారు, యూరాలజీకి ముందే పంపేవారు.

పద్ధతి ఎంచుకోవడానికీ ఇదే కావాలి. అమెరికాలో మిరాజ్ ట్రయల్ అని 2023లో ప్రచురించారు. ఐదు సిట్టింగుల వైద్యమే, కొందరికి సీటీ చూస్తూ, కొందరికి ఎంఆర్ఐ చూస్తూ ఇచ్చారు. ఎంఆర్ఐతో ప్రోస్టేట్ గ్రంథి చుట్టూ అదనంగా కరెంట్ తగిలేలా వదిలే అంచు 4 మిల్లీమీటర్ల నుంచి 2కి తగ్గించగలిగారు. మొదటి మూడు నెలల్లో ఓ మోస్తరు, అంతకు మించిన మూత్రం ఇబ్బంది సీటీ వాళ్లలో 43.4 శాతానికి వస్తే, ఎంఆర్ఐ వాళ్లలో 24.4 శాతానికే వచ్చింది. 22 మార్కులున్న మనిషికి ఈ తేడా చిన్నదా? ఆ మెషీన్ అందుబాటులో లేకపోవచ్చు, మా తాహతుకు మించొచ్చు. అడిగి తెలుసుకునే అవకాశమైనా ఉండేది.

పెద్దాయనా, మీ డాక్టరమ్మ చెప్పినట్టు చెబితే నాకు చాలు. మా పక్క వీధిలో ఉదయగిరాయన సోమవారం నుంచి పెట్టించుకుంటున్నారు. ఆ ఏడు ప్రశ్నలూ తెలుగులో చేత్తో రాసి, ఇందాకే ఇచ్చొచ్చాను.

ఫిజిసిస్ట్, పల్లావరం:
శాతాల విషయంలో నా మాట మారదు. ఆ తెలుగు కాగితం మాత్రం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. రేపు మా దగ్గర ఇద్దరు చిత్తూరువాళ్లకి ప్లానింగ్ సీటీ ఉంది.