ఒక పక్క 35, ఇంకో పక్క 34: పాత బుల్లెట్‌కు జత కలవని ఫోర్కులు

మౌలాలి వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 1968లో రిజిస్టరైన 350 సీసీ బుల్లెట్‌ను మూడు నెలల క్రితం కొన్నాను. నా చేతికి వచ్చేసరికే ఎవరో దాని హెడ్‌లైటు కాస్కెట్‌ను (హెడ్‌లైటును, ఫోర్కుల పై చివరలను కలిపి పట్టే డొప్పను) పూర్తిగా తీసేసి, లేత్ షాపులో కోయించిన మందపాటి పలకను పై టీగా (రెండు ఫోర్కులను పైన కలిపి పట్టే భాగంగా) బిగించి, హ్యాండిల్ కిందికి దించి, కెఫే రేసర్ (పాత రేసు బండి తరహా) వాలకానికి తెచ్చారు. చూడటానికి ముచ్చటగానే ఉంది గానీ, నలభై వేగం దాటాక హ్యాండిల్ ఎడమకు గుంజుతోంది. ట్యాంక్‌బండ్ మీద ముందు బ్రేకు గట్టిగా పట్టిన ప్రతిసారీ కుడి ఫోర్కులో (ముందు చక్రాన్ని పట్టే, కుంగే కాలులో) టక్కుమని శబ్దం వస్తోంది.

నిన్న చక్రం విప్పి వెర్నియర్‌తో కొలిచాను. వ్యాసం ఎడమ రాడ్ (ఫోర్కు పై గొట్టం) 34.95 మి.మీ., కుడి రాడ్ 33.97 మి.మీ. వచ్చాయి. కింది టీలో కుడి రాడ్ చుట్టూ రేకు ముక్క చుట్టి బోల్టు బిగించారు. ఆ రేకు మీద పసుపు అచ్చు అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి, నూనె డబ్బాది అయి ఉంటుంది. కుడి ఫోర్కు ఏ బండిదో గుర్తుపట్టడం ఎలా? రేకుకు బదులు మంచి ఇత్తడి స్లీవు (గొట్టం లాంటి తొడుగు) లేత్ మీద తిప్పించి వేసుకుంటే ఈ జతనే ఉంచుకోవచ్చా?

బాలానగర్ లేత్

ముందుగా గుర్తింపు సంగతి. 34 మి.మీ. రాడ్ అనగానే మనవాళ్లు రాజ్‌దూత్ 350 అంటారు. దాని మాతృక అయిన యమహా ఆర్‌డీ 350 రాడ్ 34 మి.మీ. కాబట్టి ఆ ఊహలో తప్పు లేదు. అయితే అదే కొలత ఉన్న బండ్లు ఇంకా ఉన్నాయి కనుక వ్యాసం ఒక్కటే చూసి పేరు పెట్టకండి. రాడ్ పై చివర, ఇరుసు పట్టే చోటు, బాటమ్ (రాడ్ జారే కింది గొట్టం) మీది బ్రేకు లగ్ (బ్రేకు పలకను ఆపే కొమ్ము), ఈ మూడూ కలిపి చూస్తేనే అది ఎక్కడిదో తెలుస్తుంది.

కాస్కెట్ ఉన్న పాత బుల్లెట్‌లో రాడ్ పై చివరకు మర ఉంటుంది, అది నేరుగా కాస్కెట్‌లోకి ఎక్కుతుంది. కింద టీలో పించ్ బోల్టు (చీలికను నొక్కి బిగించే బోల్టు) దాన్ని పట్టుకుంటుంది. ఇరుసును రెండు బాటమ్‌ల కిందా విడిపోయే టోపీలు, స్టడ్లతో బిగిస్తారు. జపాన్ తరహా ఫోర్కుల్లో చాలావాటికి ఒక పక్క నట్టు, ఇంకో పక్క పించ్ ఉంటాయి. మీ కుడి బాటమ్ ఈ రెంటిలో దేనికి దగ్గరగా ఉందో ఫొటో పెట్టండి.

మర విషయంలో ఒక జాగ్రత్త. పాత బ్రిటిష్ సైకిల్ మర అంగుళానికి 26 చుట్లు, అంటే చుట్టుకు 0.977 మి.మీ. మెట్రిక్‌లో 1 మి.మీ. మర దానికి ఎంత దగ్గరంటే, పొరపాటున ఒకదాన్ని ఇంకొకదాంట్లోకి తిప్పితే మొదటి మూడు నాలుగు చుట్లు హాయిగా ఎక్కుతాయి. పది చుట్లకు తేడా దాదాపు పావు మిల్లీమీటరుకు చేరుతుంది. అప్పటికి బిగుసుకుందని సంతోషించి ఇంకాస్త బలం పెడితే మర కాస్తా ఊడి చేతికొస్తుంది. మా దగ్గరికి ఇలా పాడైన ప్లగ్గులు (రాడ్ పై చివర మూతలు) ఎన్నో వచ్చాయి. మర గేజి (మర చుట్ల దూరం చూసే పళ్ల రేకు) పెట్టి చూశాకే ప్లగ్గు తిప్పండి.

సైదాబాద్ సవారీ

స్లీవు గురించి నా అనుభవం చెబుతాను. నేను కూడా ఒక పాత బండికి ఇత్తడి స్లీవు వేయించి రెండేళ్లు తిరిగాను, ఏ ఇబ్బందీ రాలేదు. అంత భయపడవలసిన పనేమీ లేదనిపిస్తుంది.

బాలానగర్ లేత్

సైదాబాద్ గారూ, మీది రెండు వైపులా ఒకే కొలత ఉన్న రాడ్లకు, రెండు వైపులా వేసిన స్లీవు అయి ఉంటుంది. పైన కింద పొడవుగా, చీలిక పెట్టి తిప్పిన స్లీవైతే కొంతవరకు పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. ఇక్కడ సమస్య పట్టులో మాత్రమే లేదు. ఒక రాడ్ 35, ఇంకొకటి 34 అయినప్పుడు లోపలి స్ప్రింగు, వాల్వు, ఆయిలు దారి అన్నీ వేరువేరుగా ఉంటాయి. గుంతలో పడినప్పుడు ఒక కాలు త్వరగా కుంగి, ఇంకోటి ఆలస్యంగా కుంగుతుంది. మధ్యలో ఇరుసు మెలి తిరుగుతుంది. ఆ మెలికే హ్యాండిల్‌ను ఒక పక్కకు లాగుతూ ఉండవచ్చు. బ్రేకు పట్టినప్పుడు వచ్చే శబ్దం మాత్రం రేకు లోపల రాడ్ జరగడం వల్ల వస్తున్నట్టుంది, అది ఏదో ఒక రోజు పూర్తిగా జారిపోయే రకం. ఈ బండిని దయచేసి రోడ్డెక్కించకండి.

తార్నాక పాతబండి

లేత్ గారితో ఏకీభవిస్తున్నాను. ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను, దీనికి ఇరుసే గేజి. రెండు రాడ్ల పై చివరలు పై టీకి సమంగా ఉంచి, స్ప్రింగులు తీసేసి, బాటమ్‌లను చివరిదాకా పైకి నెట్టి, చక్రం లేకుండా ఉత్త ఇరుసును ఒక పక్క నుంచి దూర్చండి. సుత్తి అవసరం లేకుండా రెండో రంధ్రంలోకి దానంతటదే వెళ్లాలి. పన్నెండు మిల్లీమీటర్లు ఎగుడుదిగుడుగా ఉందనుకోండి, రెండు కాళ్ల మధ్య దూరం 180 అయితే ఇరుసు దాదాపు నాలుగు డిగ్రీలు వాలిపోయినట్టే. తేడా ఎత్తులోనే ఉంటే రాడ్‌ను టీలో పైకి జరిపి సర్దవచ్చు. ఒక రంధ్రం రాడ్‌కు ముందుకు, ఇంకోటి సరిగ్గా కింద ఉంటే మాత్రం ఏ సర్దుబాటుకూ లొంగదు.

కొత్త జత బిగించేటప్పుడు మందపాటి అద్దం ముక్కను రెండు రాడ్ల మీద అడ్డంగా ఆనించి, ఎదురెదురు మూలల్లో వేలితో నొక్కండి. అద్దం ఊగితే టీ మెలి తిరిగిందన్నమాట. రాడ్లను అదే అద్దం మీద దొర్లిస్తే బెండు కూడా కనబడుతుంది. చివరగా, ఇరుసు నట్టు బిగించి, పించ్ బోల్టులు, టీ బోల్టులు వదులుగా ఉంచి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును పది సార్లు కిందికి అదిమాకే మిగతావి బిగించాలి. ఆయిలు కూడా డబ్బా లెక్కన కాక, స్ప్రింగు లేకుండా ఫోర్కు పూర్తిగా కుంగి ఉన్నప్పుడు రాడ్ పైనుంచి లోతు కొలిచి రెండు వైపులా సమం చేయండి.

మౌలాలి వాసి

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే ఇరుసు దూర్చి చూశాను: రెండో రంధ్రం తొమ్మిది మిల్లీమీటర్లు పైన, ఆరు ముందుకు ఉంది. కుడి ఫోర్కు పక్కన పెట్టేశాను, దాని పేరు ఇంకా తేలలేదు. దాని ప్లగ్గు మర గేజి మీద 1 మి.మీ. చూపించింది. టీ నుంచి ఊడదీసినప్పుడు రేకు రాడ్ మీద ఎంత లోతు గీత పెట్టిందంటే, గోరు అందులో ఆగుతోంది.

పుత్లీబౌలిలో వెతికి బుల్లెట్ రాడ్లు, బాటమ్‌లు రెండూ ఒకే బండివి, జతగా సంపాదించాను. ఆయిల్ సీళ్లు, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) రాణీగంజ్‌లో కొత్తవి కొన్నాను. రాడ్లలో ఒకటి అద్దం మీద దొర్లిస్తే కొంచెం ఊగింది. దాన్ని సరిచేయించాలా, మార్చాలా?

బాలానగర్ లేత్

ఊగు ఎంతో ఫీలర్ గేజితో (సందు కొలిచే పలచని రేకులతో) చూసి చెప్పండి. బెండు టీ పట్టే చోట ఉంటే, దాని క్రోమ్ మీద అడ్డంగా సన్నటి పగుళ్లేవైనా కనబడుతున్నాయా అని ఎండలో ఒకసారి తిప్పి చూడండి. పగులు ఉంటే ఎవరు సరిచేసి ఇస్తానన్నా ఒప్పుకోకండి.